రీమేక్ మాతృకకు సాటి రావాలంటే కదలకూడనిది ఏది

"ఏ రీమేక్ అయినా మాతృకను అందుకోగలదా? అందుకోలేకపోతే ఎక్కడ చెడుతోంది? ముందే పసిగట్టే దారి ఉందా? రెండూ చూడాలనుకుంటే ఏది ముందు చూడాలి?" అన్నవి ప్రశ్నలు. సినిమాలకూ సీరియళ్లకూ కలిపి జవాబు రాస్తున్నాను. వివరంగా చెప్పాలంటే కొన్ని కథల ముగింపులు బయటపెట్టక తప్పదు, చూడనివాళ్లు గమనించుకోండి.

అందుకోగలదు. గుండమ్మ కథ (1962) చూస్తూ ఇది రీమేక్ అని ఎవరికీ తోచదు. కానీ దానికి మూలం 1958లో కన్నడంలో వచ్చిన మనె తుంబిద హెణ్ణు. హాలీవుడ్ డిటెక్టివ్ సినిమాలకు ఒరవడి అని చెప్పుకునే ది మాల్టీస్ ఫాల్కన్ (1941) అదే నవలకు మూడో తెర రూపం. 1931లో ఒకసారి, 1936లో పేరు మార్చి ఇంకోసారి అప్పటికే తీసేశారు. బాగా కుదిరిన రీమేక్ సొంత సినిమాగా నిలిచిపోతుంది, రీమేక్ అన్న ముద్ర చెడిపోయినదానికే మిగులుతుంది. అందుకే మన లెక్కలో రీమేక్‌లన్నీ ఓడిపోయినట్టే కనిపిస్తాయి.

చెడిపోయినవి మాత్రం చాలావరకు ఒకే చోట చెడతాయి. ప్రతి కథకీ ఒక ఇరుసు ఉంటుంది. బండి చక్రాలు మార్చొచ్చు, రంగు మార్చొచ్చు, ఎడ్లను మార్చొచ్చు. ఇరుసు విరిగితే బండి కదలదు. రీమేక్ చేసేవాళ్లు తరచూ రంగును జాగ్రత్తగా కాపాడి ఇరుసును తీసేస్తారు.

ఇరుసు అంటే కథాంశమూ కాదు, సందేశమూ కాదు. అందులో రెండు ముక్కలుంటాయి. ఒకటి, ఈ మనిషి ఈ పని చెయ్యక తప్పని పరిస్థితి ఏది అన్నది. రెండోది, ఏ విషయం ప్రేక్షకుడికి ఎప్పుడు తెలుస్తోంది, పాత్రలకు ఎప్పుడు తెలుస్తోంది అన్నది. ఈ రెండూ కొత్త చోట మళ్లీ నిజమయ్యేలా కట్టగలిగితే మిగతాదంతా మార్చినా ఫరవాలేదు. కట్టలేకపోతే ప్రతి సీనూ అచ్చుగుద్దినట్టు దించినా ప్రయోజనం లేదు.

మొదటి ముక్కకు నాకు తెలిసిన అతి చక్కని ఉదాహరణ కోడా (2021). దీని మాతృక 2014లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా లా ఫమీ బేలియే. అమ్మానాన్నా తమ్ముడూ ముగ్గురికీ వినపడదు, ఇంట్లో కూతురు ఒక్కతే వినగలదు. ఆ పిల్లకు పాడే వరం ఉంది, పాట కోసం ఇల్లు వదిలి వెళ్లాలి. ఫ్రెంచ్‌లో వాళ్లది పాడిపశువుల పొలం, చీజ్ చేసి సంతలో అమ్ముతారు. కూతురు వెళ్లిపోతే బేరసారాలు కష్టమవుతాయి, అంతవరకే. అమెరికా వాళ్లు ఆ కుటుంబాన్ని చేపల పడవ ఎక్కించారు. కోడాలో తమ్ముడు అన్నగా మారాడు, అదలా ఉంచండి. ఒకరోజు కూతురు పడవ మీదకు రాలేదు. తీర రక్షక దళం రేడియోలో పిలిచింది, హారన్ కొట్టింది, పడవలో ఎవరికీ వినపడలేదు. జరిమానా పడింది. వినగలిగే మనిషి ఒకరు లేకుండా పడవ కదలకూడదన్నారు. ఇప్పుడు ఆ పిల్ల ఇల్లు వదిలితే కుటుంబం పొట్టకూటి పనే ఆగిపోతుంది. "పాటా, ఇల్లా" అన్న ప్రశ్న మాతృకలో కంటే రీమేక్‌లో బిగిసింది. కుటుంబం చేసే వృత్తి ఒక్కటి మార్చడం వల్ల వచ్చిన బిగువు అది. దీనికి తోడు మాతృకలో తల్లిదండ్రులుగా వినికిడి ఉన్న నటులు చేశారని విమర్శ వచ్చింది. రీమేక్‌లో ఆ ముగ్గురినీ నిజంగా వినపడని నటులే చేశారు. దానితో సైగల భాష డైలాగ్‌లాగే లయతో, వ్యంగ్యంతో, బూతుతో సహా పలికింది. 2022లో ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ రాకపోయినా ఇది మాతృకను దాటిన రీమేకే.

రెండో ఉదాహరణ మనకు దగ్గరది, దగ్గరగా చూస్తేనే తెలిసేది. మలయాళ మణిచిత్రత్తాళు (1993) కన్నడంలో ఆప్తమిత్ర (2004), తమిళంలో చంద్రముఖి (2005), హిందీలో భూల్ భులయ్యా (2007) అయింది. పాత కోట, తాళం వేసిన గది, చనిపోయిన నర్తకి తానే అనుకునే ఇల్లాలు, ఆమెను నయం చేసే మానసిక వైద్యుడు. ఇవన్నీ పైకి కనిపించే చక్రాలు. ఇరుసు ఎక్కడుందో చూడండి. మలయాళంలో ఆ నర్తకి తంజావూరు నుంచి తెచ్చిన తమిళ మనిషి. అందుకే మలయాళీ ఇల్లాలు నర్తకిగా మారిన క్షణంలో నోటి వెంట తమిళం వస్తుంది. దయ్యమనిపించే మేకప్ కంటే ముందు, భాష మారడం మన వెన్నులో చలి పుట్టిస్తుంది. "ఈమె ఆమె కాదు" అన్న సంగతిని చెవి ముందు పట్టుకుంటుంది.

కన్నడంలో తీసినప్పుడు ఆ నర్తకి నోట తెలుగు పలికింది. తమిళంలోనూ తెలుగే పలికింది, "రారా" పాట పుట్టింది అలాగే. హిందీకి వెళ్లేసరికి నర్తకి బెంగాలీ అయింది. ఇప్పుడు అసలు చిక్కు చంద్రముఖి తెలుగు డబ్బింగ్‌ది. సినిమా అంతా తెలుగులో మాట్లాడుతుంటే నర్తకి కూడా తెలుగే పాడితే ఇరుసు అక్కడే విరుగుతుంది. ఆ పని చేసినవాళ్లకు ఇది తెలుసు. తెలుగులో ఆ పాట "వారాయ్" అయింది, అంటే నర్తకి తమిళంలోకి తిరిగింది. ఐదు భాషలు దాటినా నిలబడ్డది "ఆ ఇంటి భాష కాని భాష" అన్న ఒక్క నియమం. కథలో కదలకూడనిదాన్ని పట్టుకోవడమంటే ఇదే. తమిళమో తెలుగో ముఖ్యం కాదు, రెండిటి మధ్య ఉన్న ఎడం ముఖ్యం.

అదే చంద్రముఖిలో పోయిందేమిటో కూడా చెప్పాలి. మలయాళంలో వైద్యుడు కథ చాలా దూరం నడిచాక గానీ రాడు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరిని అనుమానించాలో తెలియక మనమూ తడబడతాం. తమిళంలో ఆ వైద్యుడే హీరో కాబట్టి మొదటి నుంచీ తెర మీద ఉన్నాడు, ఫైటూ పాటా అయ్యాయి. ఏ క్షణాన ఏం జరిగినా చూసుకునే మనిషి ఒకడున్నాడన్న ధీమా ప్రేక్షకుడికి వచ్చేసింది. భయం తగ్గింది, హుషారు పెరిగింది. ఆ నర్తకిని చంపిన రాజు పాత్ర కూడా హీరోకే ఇచ్చి దాన్ని ఆ సినిమాకే పేరు తెచ్చిన వేషంగా మలిచారు. నా దృష్టిలో అది గొప్ప వినోదం. కానీ ఇల్లాలి మనసు గురించి మాతృక చెప్పినంత సున్నితంగా అది చెప్పదు. ఒకే సినిమాలో ఒకచోట గెలిచి ఒకచోట ఓడడం రీమేక్‌లలో మామూలే. "బాగుందా, బాగాలేదా" అని ఒక్క మాటలో అడిగితే ఈ తేడా దొరకదు.

దృశ్యం సంగతికి వద్దాం. 2013 మలయాళ మాతృక తర్వాత కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, సింహళం, చైనీస్ భాషల్లో వచ్చింది, చాలావరకు నిలబడింది. ఎందుకు నిలబడిందంటే దాని ఇరుసు ఎక్కడికైనా ప్రయాణం చేస్తుంది. చదువు లేని తండ్రి సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో, నేరం జరిగాక చేసిన ప్రయాణాన్ని నేరం జరిగిన రోజుకి జరిపేస్తాడు. సాక్షులు అబద్ధం చెప్పరు. వాళ్ల జ్ఞాపకంలో తేదీ మారిపోయింది, అంతే. శవం ఎక్కడుందో ఆఖరి నిమిషం దాకా మనకూ చెప్పరు. ఊరు, మతం, వేషభాషలు అన్నీ మార్చుకోవచ్చు. హిందీలో ఆ కుటుంబం సత్సంగానికి వెళ్తుంది. ఒక రాత్రి ఇంటికి దూరంగా గడపడానికి ఎవరూ ప్రశ్నించని కారణం కావాలి, అంతకు మించి ఆ సత్సంగానికి పని లేదు. అందుకే ఆ మార్పు నొప్పి తెలియకుండా జరిగిపోయింది.

చైనా వాళ్లు దీన్నే 2019లో షీప్ వితౌట్ ఎ షెపర్డ్ పేరుతో థాయ్‌లాండ్‌లో స్థిరపడ్డ చైనా కుటుంబం కథగా తీశారు. చివర్లో తండ్రి లొంగిపోతాడు. పోలీసు స్టేషన్ నేల కింద ఉన్న రహస్యం మోస్తూ తలవంచుకుని బయటకు నడిచే మనిషితో ముగిసే మాతృకకు ఇది పూర్తిగా ఎదురు. ఇరుసులోని రెండో ముక్క, అంటే ఎవరికి ఏం తెలుసన్నది, ఇక్కడ ఆఖర్న విరిగింది. పట్టుగా సాగిన సినిమా చివరికి వేరే సినిమా అయిపోయింది.

ఇంకో మాట. ఈ కథను ఈరోజు కాలానికి తెచ్చి మళ్లీ తీయబోయేవాళ్లకు చిక్కు ఊరితో రాదు, తేదీతో వస్తుంది. కాగితం బస్సు టికెట్టు, సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే మనిషి జ్ఞాపకం, హోటల్ రిజిస్టర్‌లో సంతకం, ఇవీ ఆ అబద్ధానికి ఇటుకలు. ఫోన్‌తో డబ్బు కడితే నిమిషంతో సహా నమోదవుతుంది, సీసీ కెమెరాకు మరుపు లేదు, టికెట్ ఆన్‌లైన్‌లో కొంటారు. ఒక్క ఇటుక తీసి ఇంకో ఇటుక పెడితే చాలదు, గోడ మొత్తం కొత్తగా కట్టాలి. పాత థ్రిల్లర్లను తెచ్చుకునేవాళ్లు మొట్టమొదట చెయ్యాల్సిన పని ఒకటుంది. కథలో "అప్పుడు ఫోన్ ఉంటే ఏమయ్యేది?" అన్న ప్రశ్న ఎన్ని సీన్లను చంపుతుందో లెక్కపెట్టాలి. మూడు దాటితే కథాకాలాన్ని పాతకాలంలోనే ఉంచెయ్యడం మేలు.

చట్టాలూ వ్యవస్థలూ ఇంతే. 12 యాంగ్రీ మెన్ 1954లో టీవీ నాటకం, 1957లో సినిమా. జ్యూరీ అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం. ఆ పన్నెండుమంది ఏకాభిప్రాయానికి రాకపోతే తీర్పు లేదన్న నియమమే దానికి ఇరుసు. హిందీలో ఏక్ రుకా హువా ఫైస్లా (1986) వచ్చే నాటికి భారతదేశంలో నేర కేసులకు జ్యూరీ విచారణలే లేవు. నటులు అద్భుతంగా చేశారు, అయినా ఆ గదిలో వాళ్లెందుకు కూర్చున్నారన్న ప్రశ్న కాలి కింద రాయిలా గుచ్చుతూనే ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురుది ఇటాలియన్ పెర్ఫెక్ట్ స్ట్రేంజర్స్ (2016). స్నేహితులు భోజనానికి కూర్చుని అందరి ఫోన్లూ బల్ల మీద పెడతారు, ఏ మెసేజ్ వచ్చినా గట్టిగా చదవాలి. ఫోన్ ఉన్న చోటల్లా ఈ కథ నిజమే. అందుకే 2019లోనే అత్యధిక రీమేక్‌ల సినిమాగా 18 రూపాలతో గిన్నిస్‌కెక్కింది.

సరే, ఇరుసును పట్టుకోవడం ఎలా? పని చేసే పద్ధతి ఇది. మాతృకను మూడుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా, ఏమీ రాసుకోకుండా. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ గొంతు పట్టేసింది అన్నవి సినిమా అయ్యాకే రాసుకోవాలి. రెండోసారి ఆపుతూ వన్‌లైన్ ఆర్డర్ రాయాలి. ఒక్కో సీన్‌కి ఒక్క వరుస, పక్కన నాలుగు గళ్లు. సీన్ మొదలైన నిమిషం, ప్రేక్షకుడికి కొత్తగా తెలిసినది, పాత్రకు కొత్తగా తెలిసినది, ఈ సీన్ తీసేస్తే తర్వాత ఏ సీన్ అర్థం కాదు అన్నది. నాలుగో గడి ఖాళీగా ఉన్న సీన్లు మార్చుకోదగ్గవి. నాలుగో గడిలో మూడు నాలుగు సీన్ల నంబర్లు పడ్డవి ఇరుసు దగ్గరివి, వాటి జోలికి వెళ్లేముందు పదిసార్లు ఆలోచించాలి. మూడోసారి మాటలు వినపడకుండా చూడాలి. మాట లేకుండా అర్థమయ్యేదంతా కొత్త భాషకు ఉచితంగా వస్తుంది. మాటతోనే అర్థమయ్యేది కొత్తగా రాసుకోవాలి, అనువదించకూడదు. ముఖ్యంగా హాస్యం. మాతృకలో జోక్ ఏమిటన్నది రాసుకోవద్దు. ఆ జోక్ ఎవరి మీద, ఎందుకు వేశారన్నది రాసుకోండి. పై అధికారిని దించడానికి వేసిన జోక్ అయితే కొత్త భాషలో పై అధికారిని దించే వేరే జోక్ కావాలి.

పాత పాటలూ పాత సినిమాల ప్రస్తావనలూ కథలో భాగమైతే ఇంకా జాగ్రత్త. తమిళ 96 (2018)లో కథానాయిక బడి రోజుల్లో పాడే సినిమా పాటలు అలంకారం కోసం పెట్టినవి కావు. ఆ తరం తమిళ ప్రేక్షకులందరూ ఆ పాటలతో పాటు తమ బడిని కూడా గుర్తు చేసుకుంటారు. తెలుగులో జాను (2020) తీసింది అదే దర్శకుడు, సీన్లూ అవే. అయినా జ్ఞాపకాన్ని దిగుమతి చేసుకోవడం కుదరదు. అదే ఈడు తెలుగు పిల్లలు అదే ఏడాది ఏ పాట పాడుకున్నారో వెతికి, దాని చుట్టూ సీన్ మళ్లీ అల్లాలి.

నేటివిటీ అన్న మాటను మనవాళ్లు చాలా తేలికగా వాడతారు. ఊరి పేరు మార్చి, యాస పెట్టి, పండగ పాట ఒకటి వేస్తే నేటివిటీ అయిపోదు. ఒక్కడు (2003)ను తమిళంలో గిల్లి (2004)గా తీసినప్పుడు కర్నూలు మదురై అయింది. ఛార్మినార్ స్థానంలో సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ వచ్చింది. ఆ ఎంపిక ఎంత తెలివైనదో చూడండి. వెంటాడేవాళ్ల నుంచి దాక్కోవడానికి నగరమంతా కనిపించే ఎత్తైన చోటు కావాలి, ఆ నగరం పేరు చెప్పగానే గుర్తొచ్చే చోటు కావాలి, ఇద్దరు మాత్రమే ఉండగలిగేంత ఇరుకు కావాలి. మూడూ కుదిరాయి. గిల్లి తమిళంలో సొంత సినిమాగా నిలిచిపోయింది.

స్టార్ బరువు గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు, మన దగ్గర రీమేక్‌లను ఎక్కువగా వంచేది ఇదే. మలయాళ అయ్యప్పనుమ్ కోశియుమ్ (2020) పేరులోనే ఇద్దరున్నారు. తప్పు ఎవరిదో తేల్చుకోలేక ప్రేక్షకుడు ఇటూ అటూ ఊగడమే దానికి ఇరుసు. తెలుగులో అది భీమ్లా నాయక్ (2022) అయింది. పేరులో ఒక్కడే మిగిలాడు, త్రాసు ఒకవైపు ఒరిగింది. హిందీ పింక్ (2016)లో న్యాయవాది వయసు మళ్లినవాడు, జబ్బుపడ్డవాడు. కోర్టులో నిలబడి పోరాడాల్సింది కేసులో చిక్కుకున్న ముగ్గురు అమ్మాయిలే. తెలుగు వకీల్ సాబ్ (2021)లో న్యాయవాదికి ప్రేమకథ, ఫ్లాష్‌బ్యాక్, ఫైట్లు వచ్చాయి. కోర్టు సీన్లు బలంగానే ఉన్నాయి, జనం చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు నిజమైనవే. కానీ భయం ఎవరిది, గెలుపు ఎవరిది అన్న లెక్కలో అమ్మాయిలు పక్కకు జరిగారు. స్టార్‌తో రీమేక్ చెయ్యకూడదని నేననను. చేసేముందు ఒక లెక్క కట్టుకోవాలి. మాతృకలో ఆ పాత్ర ఎన్ని సీన్లలో ఉంది, ఎన్ని సీన్లలో ఓడింది, ఎన్నిసార్లు తప్పు చేసింది అని. ఓటమి సీన్లు సగానికి సగం పడిపోతుంటే మీరు వేరే కథ తీస్తున్నారు. అప్పుడు రెండో పాత్రకు కూడా కొత్త బలం ఇవ్వాలి, లేకపోతే ఎదురు నిలిచేవాడు ఉండడు.

నిడివి పెంచితే నీరు చేరుతుందనేది సగం నిజమే. హాంకాంగ్ ఇన్‌ఫెర్నల్ అఫైర్స్ (2002) 101 నిమిషాలు, దాని రీమేక్ ది డిపార్టెడ్ (2006) 151 నిమిషాలు. ఆ 50 నిమిషాలు ఎక్కడికి పోయాయో చూస్తే పాఠం దొరుకుతుంది. పోలీసుల్లో దొంగ, దొంగల్లో పోలీసు. మాతృక ఈ ఇద్దరినీ దాదాపు మధ్యలో పట్టుకుని పరుగెత్తిస్తుంది. రీమేక్ వెనక్కి వెళ్లి వాళ్లు ఏ ఇళ్లలో పుట్టారు, దొంగల ముఠా నాయకుడు చిన్నపిల్లవాణ్ని ఎలా దత్తత తీసుకున్నట్టు మచ్చిక చేసుకున్నాడు అన్నది కట్టింది. ఇంకోవైపు, మాతృకలో వేర్వేరుగా ఉన్న ప్రియురాలినీ మానసిక వైద్యురాలినీ ఒకే స్త్రీగా కలిపేసింది. దానితో ఇద్దరు మగవాళ్ల రహస్యాలూ ఒకే గదిలోకి వచ్చాయి. ఒకచోట పెంచినప్పుడు ఇంకోచోట కలిపెయ్యాలి, అదీ కిటుకు. కలపకుండా పెంచితే సాగతీతే. బిగువులో ఇప్పటికీ హాంకాంగ్ సినిమాదే పైచెయ్యి, మనుషుల లోతులో డిపార్టెడ్‌ది. నేను రెండిటినీ సమానంగానే చూస్తాను.

అచ్చుగుద్దినట్టు దించితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే 1998 సైకో చాలు. 1960 సినిమాను దాదాపు షాట్ షాట్‌కీ రంగుల్లో మళ్లీ తీశారు. కెమెరా అక్కడే ఉంది, మాటలవే, సంగీతమదే. ప్రాణం లేదు. మాతృకలో పేరున్న నాయిక సినిమా సగం కాకుండానే చనిపోతుంది, అది జరుగుతుందని 1960లో హాల్లో ఎవరికీ తెలియదు. సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని హిచ్‌కాక్ పట్టుబట్టింది ఆ అజ్ఞానాన్ని కాపాడడానికే. 1998లో ఆ స్నానాల గది గురించి తెలియనివాడు లేడు. షాట్లు దించుకోవచ్చు, తెలియకపోవడాన్ని దించుకోలేం.

టీవీకి వస్తే లెక్కలు మారతాయి, ఇక్కడ ఎపిసోడ్ల సంఖ్యే పెద్ద శత్రువు. బ్రిటిష్ ది ఆఫీస్ (2001-2003) పన్నెండు ఎపిసోడ్లు, ఒక క్రిస్మస్ ప్రత్యేకం, అంతే. అందులో బాస్ దాదాపు భరించలేని మనిషి. పన్నెండు ఎపిసోడ్లే కాబట్టి భరిస్తాం, చివర్లో జాలిపడతాం. అమెరికన్ రూపం 2005లో మొదలైంది. మొదటి ఎపిసోడ్‌ను బ్రిటిష్ స్క్రిప్ట్‌కు చాలా దగ్గరగా తీశారు, అది ఎవరినీ ఆకట్టుకోలేదు. రెండో సీజన్ నుంచి బాస్‌ను మార్చారు. తెలివితక్కువవాడే, కానీ అందరూ తనను ప్రేమించాలని తపించేవాడు, అప్పుడప్పుడు పని బాగా చేసేవాడు. తొమ్మిది సీజన్లలో సుమారు 200 ఎపిసోడ్లు నడిచింది. 200 వారాలు మన ఇంటికి రావాల్సిన మనిషికి, పన్నెండుసార్లు వచ్చి వెళ్లే మనిషికి ఒకే స్వభావం కుదరదు. చుట్టూ ఉన్న చిన్న పాత్రలకు కూడా సొంత కథలు పెరిగాయి, ఎందుకంటే ఒక్క బాస్ అన్ని గంటల బరువు మోయలేడు.

దీనికి ఎదురు తప్పు ది కిల్లింగ్ చేసింది. డానిష్ మాతృక (2007) ఒకే హత్యను 20 ఎపిసోడ్లలో విప్పి సీజన్ చివర హంతకుణ్ని చూపించింది. అమెరికన్ రూపం (2011) మొదటి సీజన్‌ను 13 ఎపిసోడ్లతో ముగించి హంతకుడెవరో చెప్పకుండా ఆపేసింది. రెండో సీజన్ చివర్లో గానీ చెప్పలేదు. ప్రేక్షకులు మండిపడ్డారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. "ఎవరు చంపారు" అన్న ప్రశ్నతో కూర్చోబెట్టినప్పుడు ఆ సీజన్‌లోనే జవాబు ఇస్తామన్న మాట అందులో ఉంది. సీరియల్ రీమేక్ చేసేవాళ్లు ముందు రాసుకోవాల్సింది ఇదే. మొదటి ఎపిసోడ్ ఏ ప్రశ్న అడిగింది, దానికి జవాబు ఏ ఎపిసోడ్‌లో, ఆ జవాబు తర్వాత కథ నడవడానికి రెండో ప్రశ్న సిద్ధంగా ఉందా.

ది బ్రిడ్జ్ (2011) స్వీడన్, డెన్మార్క్‌ల మధ్య వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత మీద పడి ఉన్న శవంతో మొదలవుతుంది. రెండు దేశాల పోలీసులు కలిసి పనిచెయ్యక తప్పదు. 2013లో బ్రిటన్, ఫ్రాన్స్ వాళ్లు దాన్ని సముద్రం కింది సొరంగంలో పెట్టారు. అమెరికా వాళ్లు తమ ఎల్ పాసో, మెక్సికోలోని హువారెజ్‌ల మధ్య వంతెన మీద పెట్టారు. స్వీడన్‌కీ డెన్మార్క్‌కీ తేడా సున్నితమైనది కాబట్టి మాతృకలో కథ ఇద్దరు డిటెక్టివ్‌ల స్వభావాల మీద నడిచింది. అమెరికా, మెక్సికోల మధ్య తేడా ఎంత పెద్దదంటే సరిహద్దే కథను మింగేసింది. ఇరుసును మార్చకుండా నేల మారిస్తే, కొన్నిసార్లు నేలే ఇరుసవుతుంది. అది తప్పు కాదు, కానీ మొదట్లోనే గుర్తించి దానికి తగ్గట్టు రాయాలి.

ఏ సినిమాను ఎంచుకోవాలన్నదానికి నా సలహా అందరికీ నచ్చకపోవచ్చు. అన్ని విధాలా కుదిరిన సినిమా జోలికి వెళ్లకండి. ఆలోచన గొప్పగా ఉండి ఏదో ఒకటి చేతకాక ఆగిపోయిన సినిమాను వెతకండి. 1951 ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్‌కు మూలం 1938 నాటి పెద్ద కథ. అందులోని గ్రహాంతర జీవి ఏ మనిషి రూపమైనా ధరించగలదు, పక్కవాడు మనిషో కాదో తెలియదు. 1951 సినిమా ఆ ముక్కను వదిలేసి, పొడుగ్గా ఉండే ఒక వింతజీవిని చూపించి సరిపెట్టింది. 1982లో జాన్ కార్పెంటర్ సినిమాను పక్కన పెట్టి ఆ కథ దగ్గరికే వెళ్లాడు. అప్పటికి రబ్బరు బొమ్మలు, యంత్రాలతో శరీరం మన కళ్లముందే చీలి మారడం చూపించే పనితనం వచ్చింది. అనుమానమే సినిమా అయింది. విడుదలైనప్పుడు విమర్శకులు తిట్టారు, తర్వాతి ఏళ్లలో అది మాతృక కంటే ఎంతో పైకెళ్లింది. మాతృక వెనక ఇంకో మూలం ఉంటే, నవల గానీ నాటకం గానీ, దాన్ని చదవకుండా రీమేక్ మొదలుపెట్టడం నాకు అర్థం కాని విషయం. ముందువాళ్లు వదిలేసినవన్నీ అందులో దొరుకుతాయి.

ఈ పదేళ్లలో ఇంకో అడ్డంకి పెరిగింది. మాతృక సబ్‌టైటిళ్లతోనో డబ్బింగ్‌తోనో అందరి ఫోన్లలో ఉంది. ప్రేక్షకుడు రీమేక్ టికెట్ కొనేలోపే మలుపులన్నీ చూసేసి ఉంటాడు. కాబట్టి మలుపు మీదే నిలబడ్డ కథకు రీమేక్ విలువ పడిపోయింది. మనుషుల మీద నిలబడ్డ కథకు ఇంకా ఉంది. హక్కులు కొనేముందు నిర్మాత అడగాల్సింది "ఆ భాషలో ఎంత ఆడింది" అని కాదు. "ముగింపు తెలిసినవాడు మళ్లీ చూస్తాడా" అని.

చివరి ప్రశ్న, ఏది ముందు చూడాలి. రహస్యం మీద నడిచే కథ అయితే మాతృకే ముందు, ఎందుకంటే ఆశ్చర్యం ఒక్కసారే దొరుకుతుంది, అది అసలుదానికి దక్కాలి. మనుషుల మీద నడిచే కథ అయితే మీకు దగ్గర భాషలో ఉన్నది ముందు చూసినా నష్టం లేదు. రెండిటి మధ్య కనీసం నెల రోజులు ఎడం ఇవ్వండి. వెంటవెంటనే చూస్తే రెండోది సినిమాలా కనబడదు, తేడాల పట్టికలా కనబడుతుంది. మొదటి జతగా నేను చెప్పేది లా ఫమీ బేలియే, కోడా. రెండో సినిమాలో ఆ తండ్రి కూతురి గొంతు మీద చెయ్యి పెట్టి పాటను వేళ్లతో వినే సీన్ వస్తుంది. అది మాతృకలోనూ ఉంది. అక్కడికి రాగానే ఆపి, అప్పటిదాకా ఆ తండ్రి చేతులు తెర మీద ఏమేం చేశాయో, వల లాగడం దగ్గర్నుంచి బూతులు సైగ చెయ్యడం దాకా, గుర్తు చేసుకోండి.